నాలుగో నిబంధన, నీలి చీర తాడు

ఆ ఏడాది డైరీలో ఒక పేజీ మీద రాత లేదు, బొమ్మ ఉంది. తాటిచెట్టు మొదలు, దాని చుట్టూ ఒక తాడు, ఆ తాడులో వెనక్కి ఒరిగి నిలబడ్డ మనిషి. మనిషికి ముఖం లేదు. నాకు ముఖాలు గీయడం రాదు. తాడు పక్కన మాత్రం స్కేలు పెట్టి గీసిన గీతలు, కొలతలు, మూడు పేర్లు ఉన్నాయి: మోకు, గుజి, ముస్తాదు.

ఈ మూడు మాటలూ నాకు నేర్పింది యూనివర్సిటీ తోటల విభాగంలో పనిచేసే ఒక మాలి. తొంభైల నడుమ, నేను పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో, ఆయనే నా పొద్దుటి స్నేహితుడు. మేము తార్నాకలో అద్దెకుండేవాళ్ళం. ఆరుకు పది నిమిషాలుందనగా ఇంట్లో బయలుదేరి, క్యాంపస్ లోకి నడిచి, పాత రాతి భవనం వెనక ఉన్న తాటిచెట్ల దాకా వెళ్ళి రావడం నా అలవాటు. ఎంతసేపు నడిచానో, దారిలో ఎవరు కలిశారో ప్రతిరోజూ రాసుకునేవాణ్ణి. ఆ రోజుల్లో దాదాపు ప్రతి పేజీలోనూ 'మాలి కలిశాడు, టీ' అని ఉంటుంది.

ఆయన పైపుతో గులాబీలకు నీళ్ళు పెడుతూ ఉండేవాడు. నేను ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళేవాణ్ణి. రాతి బెంచీ మీద కూర్చునేవాళ్ళం. నాది కడప వైపు, ఆయనది భువనగిరి అవతల ఒక పల్లె. నా మాట విని ఆయన నవ్వేవాడు, ఆయన మాట విని నేను నవ్వేవాణ్ణి. కానీ కూర్చున్నాక మా ఇద్దరి చూపూ ఒక్కవైపే పోయేది, తాటిచెట్ల వైపు.

ఆయన కులవృత్తి తాళ్ళెక్కి కల్లు గీయడం. పన్నెండో ఏట మొదటి చెట్టు ఎక్కాడట. నగరానికి రాకముందు ఒకసారి, సగం చెట్టు దిగాక మోకు తెగి పడ్డాడు. ఎడమ తుంటి దెబ్బతింది. ఆరునెలలు మంచం. లేచి నడవగలిగాక ఆయన భార్య ఆయన చేత ఒట్టు వేయించుకుంది, ఇక చెట్టెక్కనని. ఆ ఒట్టుతోనే క్యాంపస్ పక్కనున్న అడిక్‌మెట్‌కు వచ్చి, ఒక గదిలో కాపురం పెట్టి, ఈ ఉద్యోగంలో చేరాడు.

"చెట్టు మీద ఏముంటుందప్పా, అంతగా చూస్తావు?" అని ఒకనాడు అడిగాను.

"పైన మీకన్న ముందు తెల్లారుతది సార్," అన్నాడు. "కింద ఇంకా మబ్బు మబ్బుగనే ఉంటది. మేం పైన ఎండల ఉంటం. కిందికి జూస్తె ఊరంత పండుకొని ఉంటది. నేనొక్కన్నే లేసి ఉన్న అనిపిస్తది."

అప్పుడే దూరంగా రైలు కూత వినపడింది. సీతాఫల్‌మండి స్టేషన్ లోకి పొద్దుటి బండి వచ్చే వేళ అది. ఆయన అన్నిటికంటే పొడవైన తాటి వైపు గడ్డం ఎత్తాడు.

"గదాని మీద ఉంటే ఆ బండి కనబడ్తది. ఒక్కపారి ఎక్కనియ్యాలె గని, ఎన్ని డబ్బలున్నయో పైకెల్లి లెక్కబెట్టి చెప్త మీకు."

"మీ ఇంటామె ఎక్కనిస్తుందా?"

"గదే గదా కథ," అని నవ్వి పైపు అందుకున్నాడు.

ఆయన ఎక్కుతుంటే చూడాలన్న కోరిక ఆ రోజు పుట్టింది నాకు. నా జీవితంలో కోరికలు ఎక్కువ లేవు. ఉన్నవి డైరీలో రాసుకుని, తీరినప్పుడు పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. దీన్నీ రాసుకున్నాను.

ఆ చలికాలంలో ఉద్యోగుల ఆటల పోటీల కమిటీ కూర్చుంది. ఏటా ఉండే తాడులాగుడు, కుర్చీలాట, నిమ్మకాయ చెంచా కాక ఈసారి ఏదైనా కొత్తది పెట్టాలన్నారు. హాస్టల్ మెస్సుల్లో, లైబ్రరీలో, సెక్యూరిటీలో కల్లుగీత కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. తాళ్ళెక్కే పోటీ పెడదామని ఎవరో అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నిబంధనలు రాసే పని నా మీద పడింది. పరీక్షల విభాగం మనిషి కదా, ఎక్కడా సందు లేకుండా రాస్తాడని నమ్మకం. నాకూ ఆ గర్వం ఉండేది. దాచను.

మరునాడు పొద్దున కాగితం, స్కేలు, టేపు పట్టుకుని మాలి దగ్గరికి పోయాను. ఆయన ఇంట్లో దాచి ఉంచిన పాత సామాను తెచ్చి బెంచీ మీద పరిచాడు. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు మోకు. మనిషి దానిలో వెనక్కి ఒరిగి, బరువంతా దాని మీద వేసి, చేతులతో దాన్ని పైకి ఎగదోసుకుంటూ ఎక్కుతాడు. పాదాలు రెండూ చెట్టును పట్టి ఉండేలా కాళ్ళకు వేసుకునే చిన్న తాడు గుజి. నడుముకు కట్టుకునే పట్టా ముస్తాదు, అందులో కత్తులు పెట్టుకుంటారు. పోటీలో కత్తులు ఉండవు, పట్టా మాత్రం ఉంటుంది. అన్నీ కొలిచి బొమ్మ గీశాను. ఇప్పుడు నా ముందున్నది ఆ బొమ్మే.

"మోసం చెయ్యాలనుకునేవాడు ఎట్లా చేస్తాడప్పా?" అని అడిగాను.

ఆయనకు కోపం వచ్చింది, ఎవరో అప్పుడే మోసం చేసినట్టు. "చేస్తరు సార్. మోకుకు లారీ టైరు ముక్కలు గొడ్తరు, చెట్టును పట్టుకుంటదని. గుజికి ఇనుప ముల్లు పెడ్తరు. గది ఎక్కుడు గాదు, చెట్టును పొడుసుడు. మీరు మంచిగ రాయుండ్రి. మోకు ఒకటి, గుజి ఒకటి, ముస్తాదు ఒకటి. గంతకు మించి ఒక్క పోగు సుత ఉండొద్దని రాయుండ్రి."

రాశాను. నాలుగో నిబంధన: 'పోటీదారు మోకు ఒకటి, గుజి ఒకటి, ముస్తాదు ఒకటి మాత్రమే వాడవలెను. వీటికి ఎట్టి మార్పులు గాని చేర్పులు గాని చేయరాదు. అదనముగా ఏ తాడునూ, పట్టీనీ, లోహమునూ కలిపిన యెడల పోటీకి అనర్హులు.' చదివి వినిపించాను. ఆయన తల ఊపి, "గిట్ల పక్కాగ ఉండాలె," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నా పేరు సుత రాసుకోండ్రి సార్," అన్నాడు.

"ఒట్టు?"

"అడుగుత. ఒక్కపారి. గీ ఒక్క చెట్టు."

వారం రోజులు ఏ సంగతీ చెప్పలేదు. ఎనిమిదో నాడు పొద్దున దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఒప్పుకుందట. ఏదో షరతు పెట్టిందని కూడా అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. నాకు ఆ సంతోషమే చాలనిపించింది. డైరీలో, 'మాలికి అనుమతి దొరికింది. ఆదివారం చూస్తాను' అని ఉంది. అక్షరాలు మామూలుకన్నా పెద్దవి.

ఆదివారం పొద్దున్నే పొడవైన తాటి కింద బల్ల వేసి, టేపు, నిబంధనల కాగితం పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ తాడు కట్టి జనాన్ని అవతల నిలబెట్టారు. పోటీదారులు ఒక్కొక్కరే వచ్చి సామాను బల్ల మీద పెట్టాలి, నేను చూసి, సరిగా ఉంటే పేరు రాసుకోవాలి. హాస్టల్ మెస్సులో వంట చేసే ఒకతను మోకు పెట్టాడు. లోపలివైపు టైరు ముక్కలు, మేకులు కొట్టి ఉన్నాయి. మాలి చెప్పినట్టే. తీసెయ్యమన్నాను.

"జారితే ఎవరు జిమ్మెదార్ సార్?" అన్నాడు.

"నిబంధన చదువుకున్నావు కదా."

గొణుక్కుంటూ మేకులు పీక్కునే పనిలో పడ్డాడు. ఆ తర్వాత మాలి వచ్చాడు. తెల్ల బనియన్, మడిచి కట్టిన పంచె. ముఖం కొత్త పెళ్ళికొడుకు ముఖంలా ఉంది. మోకు బల్ల మీద పెట్టాడు. కొత్త మోకు, బాగా నూనె పట్టించినది. దానికి రెండు వైపులా ముడివేసి, పక్కనే ఇంకో తాడు ఉంది. సన్నగా, నీలంగా. పాత చీరను పేలికలు చేసి, నడుమ నైలాను తాడు పెట్టి, జడలాగా అల్లినది.

"ఇదేందప్పా?"

"గది ఎక్కెతందుకు గాదు సార్. పడకుంటందుకు." గొంతు తగ్గించాడు. "ఇంటామె అల్లింది. పది రోజులు అల్లింది. మోకు తెగినా గది పట్టుకుంటదని. గదుంటేనే ఎక్కుమన్నది."

నేను కాగితం చూశాను. 'అదనముగా ఏ తాడునూ.' నేను రాసి టైపు చేయించినదే. నీలి తాడు ఎత్తి చూస్తే బరువే లేదు. ఆ తాడుతో ఎవరూ ఒక్క అడుగు కూడా వేగంగా ఎక్కలేరని నాకు తెలుస్తూనే ఉంది. సరేనని పేరు రాద్దామని పెన్ను తీశాను.

"ఆగండ్రి సార్." మెస్సు మనిషి మేకులు చేతిలో పట్టుకునే వచ్చాడు. "నా టైరు ముక్కలు తీపిస్తిరి. ఆయన తాడు ఎట్లుంటది? పొద్దుగాల చాయ్ తాగే దోస్తని ఉంచుతున్రా?"

జనంలో నవ్వు. ఎవరో "చాయ్ రూల్!" అని అరిచారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పక్షపాతం చూపానని ఎవరూ నన్ను అనలేదు. పరీక్షల విభాగంలో అంతకన్నా పెద్ద మాట లేదు. పెన్ను మూత పెట్టాను.

"ఆ నీలి తాడు తీసేసి ఎక్కప్పా," అన్నాను. "మోకు కొత్తదే కదా. ఏమీ కాదు."

ఏమీ కాదు అని నేను ఎట్లా అన్నానో! ఇంతకుముందు ఒకసారి పడినవాడు ఆయన.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్ళ గుంపులో ముందు వరుసలో ఆయన భార్య నిలబడి ఉంది. పొట్టి మనిషి, చేతిలో నీళ్ళ చెంబు. ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"తీస్తె తియ్యి," అంది, అందరికీ వినబడేటట్టు. "నేనేం ఆపుతనా? గని కింద నేనుండ."

చెంబు అక్కడే నేల మీద పెట్టి అడిక్‌మెట్ దారి పట్టింది. ఆయన కాసేపు ఆ దారి చూశాడు. కాసేపు చెట్టు చూశాడు, మొదలు నుంచి మట్టల దాకా. తర్వాత మోకు చుట్ట చుట్టి భుజానికి వేసుకున్నాడు. నీలి తాడు దానికే వేలాడుతూ ఉంది.

"రూలు రూలే సార్," అన్నాడు. "నేనే జెప్పిన గదా."

చెంబు తీసుకుని ఆమె వెనకే వెళ్ళాడు. పోటీ జరిగింది. మెస్సు మనిషి మూడో స్థానంలో వచ్చాడు. ఎవరు గెలిచారో డైరీలో ఉంది. నాకు మాత్రం గుర్తు లేదు.

ఇంటికి రాగానే నా భార్య అడిగింది. "మీ స్నేహితుడు ఎక్కినాడా?"

"లేదు. నిబంధన అడ్డమొచ్చింది."

"ఎవురు రాసినారు దాన్ని?" అని, జవాబు కోసం ఆగకుండా అన్నం వడ్డించింది.

ఆ తర్వాత మాలి నాతో కొట్లాడలేదు. ఎదురుపడితే చెయ్యెత్తి నమస్తే పెట్టేవాడు. కానీ పొద్దుటిపూట నీళ్ళు పెట్టే వంతు మార్పించుకుని లైబ్రరీ వైపు తోటకు వెళ్ళిపోయాడు. నేను అలవాటు కొద్దీ ఫ్లాస్కు పట్టుకుని పోయి, బెంచీ మీద కూర్చుని, ఒక్కణ్ణే ఒక కప్పు తాగి వచ్చేవాణ్ణి. రెండో కప్పు ఫ్లాస్కులోనే మిగిలేది. అది ఇంట్లో పారబోస్తుంటే నా భార్య ఏమీ అనేది కాదు. డైరీలో పేజీ తర్వాత పేజీ 'మాలి కలవలేదు' అనే ఉంటుంది. కలవనివాళ్ళ పేర్లు రాసుకునే అలవాటు నాకు అంతకుముందు లేదు.

ఆ ఎండాకాలం రైలు కూత వినబడ్డప్పుడల్లా తల ఎత్తి ఆ పొడవైన తాటి చివర చూసేవాణ్ణి. ఆయనను అక్కడ నేను ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడ ఎవరో లేనట్టు అనిపించేది.

మళ్ళీ చలికాలం వచ్చింది, కమిటీ కూర్చుంది. నేను అడగకముందే నిబంధనలు నాకే ఇచ్చారు. నాలుగో నిబంధన కింద ఒక వాక్యం చేర్చాను: 'ఎక్కుటకు తోడ్పడక, పడకుండ కాపాడుటకు మాత్రమే ఉపయోగపడు అదనపు తాడును అనుమతించవచ్చును.' ఈ వాక్యం రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఏడాది కిందట ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయో! సంతకాలు చేయించి, ఒక కాపీ జేబులో పెట్టుకుని, సాయంత్రం అడిక్‌మెట్ వెళ్ళాను.

సందులో చివరి గది. ఆయన గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున ఆర్పేశాడు. ఆమె లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. నేను కాగితం ఆయనకు ఇవ్వబోతే, "నాకు చదువుండ్రి సార్," అంది ఆమె.

చదివాను. ఆ గ్రాంథికం నాకే మొరటుగా వినబడింది. మామూలు మాటల్లో మళ్ళీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"గీ ముక్క పోయినేడు రాస్తె ఏం బోయేది సార్?"

నేను కాగితం మడత పెట్టాను.

"ఈయన చెప్పె, మీరు రాస్తిరి. టేపు బట్టుకొని తాళ్ళన్ని కొలిస్తిరట. పడ్డోని పక్కన ఆర్నెల్లు కూసున్నది ఎవరు? నన్నొక్క మాట అడిగిన్రా మీ ఇద్దరు?"

"ఊకో," అన్నాడు ఆయన. "సారు ఇంటికొచ్చిండు."

"ఇంటికొస్తె ఏంది? చాయ్ తాగనియ్యనంటనా?" అని లోపలికి పోయి స్టవ్ ముట్టించింది.

ఆ టీ తాగుతూ అడిగాను, ఈసారి పేరు రాసుకోనా అని. ఆయన కాళ్ళు చాపి ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు.

"పోయిన వానాకాలం నుంచి ఇది మాట వింటలేదు సార్. బస్సెక్కాలన్నా చెయ్యి బట్టుకోవాలె. చెట్టు ఏడ ఎక్కుత? పోయినేడైతే ఎక్కుదును." ఆ చివరి మాట ఆయన నన్ను పొడవడానికి అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పోటీ రోజున అయినా రమ్మన్నాను. తాళ్ళు చూసే బల్ల దగ్గర నా పక్కన కూర్చోమన్నాను. వచ్చాడు. నేను టేపు పట్టుకుంటే ఆయన మోకులను వేళ్ళతో నొక్కి, వాసన చూసి, "గిది రెండు నెలల్ల తెగుతది, మార్చు కొడుకా," అని చెబుతుండేవాడు. నేను చేర్చిన వాక్యాన్ని ఆ రోజు ఎవరూ వాడుకోలేదు. అదనపు తాడు కట్టుకుంటే భయపడ్డాడంటారని వాళ్ళ సిగ్గు. ఒక్క మనిషి కోసం రాసిన వాక్యం, ఆ మనిషి బల్లకు ఇవతల నా పక్కన కూర్చుని ఉన్నాడు.

సాయంత్రానికి జనం వెళ్ళిపోయారు. బల్ల, కుర్చీలు తీసుకుపోయారు. ఆయన, ఆయన భార్య, నేను, ముగ్గురమే మిగిలాం. ఆమె సంచిలోంచి మోకు తీసింది. నీలి తాడు దానికే ఉంది, కొంచెం వెలిసి. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారని అప్పుడు తెలిసింది నాకు.

"సారు చూడాలన్నడు గదా," అన్నాడు ఆయన. "చూపిస్త. గంతే."

ఆమే మోకు చెట్టు చుట్టూ తిప్పి ముడి వేసింది. నీలి తాడు ముడి రెండుసార్లు లాగి చూసింది. ఆయన గుజిలో పాదాలు పెట్టి, చెట్టును ఆనుకుని, ఒక్కసారి వెనక్కి ఒరిగాడు. ఆ ఒరగడంలో ఆయన కుంటు పోయింది, వయసు పోయింది. చేతులు విదిల్చితే మోకు చెట్టు మీద టప్పుమని పైకి జరిగింది. పాదాలు దాని వెనకే జరిగాయి. మళ్ళీ టప్పు. మళ్ళీ. ఐదుసార్లు. ఆయన మడమలు నా ఛాతీ ఎత్తుకు వచ్చాయి.

"చాలు," అంది ఆమె.

ఆగిపోయాడు. పైన ఇంకా ఎంతో చెట్టు ఉంది. అప్పుడే సీతాఫల్‌మండి వైపు నుంచి సాయంత్రపు బండి కూత వినబడింది.

"ఏం కనబడుతోందప్పా?" అన్నాను.

ఆయన స్టేషన్ వైపు మెడ చాచి చూశాడు. తర్వాత కిందికి చూశాడు.

"మీ బట్టతల కనబడ్తున్నది సార్. మస్తు మెరుస్తున్నది."

ఆమె నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆయన నెమ్మదిగా దిగాడు, ఎక్కినదానికన్నా దిగడానికే ఎక్కువసేపు పట్టింది. మరునాటి నుంచి పొద్దున రెండో కప్పు మిగలలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన ఉద్యోగం అయిపోయి, ఇద్దరూ భువనగిరి వైపు వెళ్ళిపోయేదాకా మిగలలేదు.

ఆ కోరిక పక్కన టిక్కు పెట్టాలా వద్దా అని ఆ పాత డైరీ ముందేసుకుని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ పెట్టలేదు. నా నడక ఇప్పుడు చాలా తగ్గింది, అయినా నెలకొకసారైనా ఆ చెట్టు దాకా పోతాను. దాని మొదలు మీద నా ఛాతీ ఎత్తున, ఆయన మడమలు ఆగినచోట చెయ్యి ఆనిస్తాను. బండి కూత వినబడితే అక్కడి నుంచి పైకి చూడడం మొదలుపెడతాను, మట్టల దాకా, మెల్లగా, ఆయన ఎక్కవలసిన వేగంతోనే.